మనం బడికి వచ్చిన దారులు

ఈ స్వర్ణోత్సవ సంచికలో బడి చరిత్ర, మన గురువుల చరిత్ర మిత్రులు రాస్తున్నారు. మనం నడిచి, సైకిలు తొక్కి బడికి వచ్చిన దారుల గురించి నేను రాస్తున్నాను. రాజమండ్రిలో చదువుకున్న వారెవరికీ ఈ దారులు కొత్త కావు. వాటి పుట్టుక మాత్రం మనకెవరూ పాఠంగా చెప్పలేదు.

వీటిలో పాతది కాలువ గట్టు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించారు. 1852 నాటికి అది పూర్తయింది. డెల్టా కాలువలు సాగుకే కాక పడవల రాకపోకలకూ పనికొచ్చాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. రైళ్లు, లారీలు పెరిగాక పడవలు తగ్గిపోయాయి. గట్టు మాత్రం కాలినడకకూ సైకిళ్లకూ మిగిలింది. కడియం వైపు మిత్రులు వెనక పుస్తకాలు కట్టుకొని, హ్యాండిల్‌కు అన్నం క్యారేజీ తగిలించుకొని వచ్చింది ఆ గట్ల మీదే.

రెండోది గోదావరి దాటే దారి. 1900లో హేవలాక్ వంతెన తెరిచారు కానీ అది రైళ్ల కోసం కట్టినది. కొవ్వూరు పిల్లలు రైలు అందుకోవాలి, లేదా లాంచీ ఎక్కాలి. వరద ముదిరితే లాంచీ ఉండదు, ఆ రోజుకు బడీ ఉండదు. 1974లో కింద రైలు, పైన రోడ్డుతో కొత్త వంతెన వచ్చింది. రోడ్డు పొడవు నాలుగు కిలోమీటర్లకు పైనే. ఎదురుగాలిలో తొక్కితే పిక్కలు పట్టేసేవి. అయినా లాంచీ కోసం కాచుకునే పని తప్పింది. సొంత సైకిలు లేనివాళ్లు అన్నయ్యదో, పక్కింటివారిదో అడిగి తెచ్చుకునేవారు. ఆ వంతెనే లేకపోతే మా తరగతిలో కొందరి చదువు కొవ్వూరులోనే ఆగిపోయేది.

ఆ తరువాత ప్రభుత్వం ‘బడికొస్తా’ పథకంలో ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. మంచి పని. కానీ లారీలు, ఆటోల మధ్య ఆ సైకిలు తొక్కించడానికి తల్లిదండ్రులు జంకుతున్నారు. దూరం మన రోజుల్లో ఎంతో ఇప్పుడూ అంతే, పెరిగింది భయం. మరోవైపు, 1997లో రైళ్లు ఆగిన హేవలాక్ వంతెనను నడకదారిగా మార్చాలన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాం.

మన సంఘం ఒక పని చేయవచ్చు. ప్రతి బ్యాచ్ వారూ తాము ఏ దారిన బడికి వచ్చారో రాసి ఇస్తే, వాటన్నిటినీ ఒక పటంలో గుర్తిద్దాం. ఆ దారుల్లో ఇప్పటి పిల్లలకు ఎక్కడ సైకిలు బాట కావాలో, ఎక్కడ రోడ్డు దాటించే మనిషి కావాలో ఉపాధ్యాయులను అడిగి తెలుసుకుందాం. ఆ పటంతో కలిసి నగరపాలక సంస్థ దగ్గరకు వెళదాం. ఇందులో డబ్బు ఇవ్వలేని మిత్రుడికీ ఇవ్వడానికి ఒకటుంది, తాను నడిచిన దారి.