పాత పిస్తోలు కడుపులో కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగారు. గుళ్ల గురించి, చెరువుల గురించి రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఆయుధాల గదిలో ఆర్మరర్‌గా సర్వీసంతా గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసిన వస్తువు గురించే రాస్తానన్నాను. వారు కాస్త నవ్వి, సరేనన్నారు.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం నిజాం కాలంలో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోది. అంటే ప్రభువుగారి సొంత జాగీరైన సర్ఫ్-ఎ-ఖాస్ కింది భూమి. తర్వాత హైదరాబాదు జిల్లా, 1978 నుంచి రంగారెడ్డి జిల్లా, 2016 అక్టోబరు 11 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. ద్రాక్ష తోటలకు ఈ వైపు పెట్టింది పేరు. అనాబ్-ఎ-షాహీ గుత్తులు పట్నం బజారుకు బండ్లకెక్కి వచ్చేవి. తోట ఉన్నచోట అడవిపంది ఉంటుంది, అడవిపంది ఉన్నచోట తుపాకీ ఉంటుంది. ఎక్కువ ఇళ్లలో ఉండేది పన్నెండు బోరు తుపాకీయే. పిస్తోలు పెద్ద ఇళ్లలో, అదీ అరుదుగా కనబడేది.

ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలు స్టేషన్లో అప్పగించమనేవారు. 1994 ఎన్నికలప్పుడు శామీర్‌పేట వైపు నుంచి ఒక పెద్దాయన .32 పిస్తోలు గుడ్డలో చుట్టి తెచ్చాడు. బర్మింగ్‌హామ్ వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ తయారీ. 1908 నుంచి చేసిన రకం, లండను పోలీసులు 1911లో తీసుకున్న రకం. లైసెన్సు పుస్తకంలోని నంబరూ పిస్తోలు మీది నంబరూ ఒకటే. బారెల్ మీద కిరీటం కింద అక్షరాలతో బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్రలు కూడా స్పష్టంగా ఉన్నాయి. కాగితం ప్రకారం ఏ లోపమూ లేదు.

"ఇది మా బాపు కాలంల కొన్నది సారూ. పోయిన ఏడు తూటా ఎక్కించంగనే దానంతట అదే పేలింది. బాయిగడ్డ రాయికి తాకింది. పక్కన మనుమడు నిలబడ్డడు" అన్నాడాయన.

ఆ మాట విన్నాక రసీదు రాసి పక్కన పెట్టడానికి మనసొప్పలేదు. పైవారి అనుమతి తీసుకుని ఖాళీ చేసి విప్పాను.

అసలు ఈ యంత్రం పని తీరు ఒక్క ముక్కలో చెప్పాలి. తూటా పేలిన అదురుకు పైనున్న స్లైడు వెనక్కి జరిగి ఖాళీ గుల్లను బయటికి విసురుతుంది. స్ప్రింగు దాన్ని ముందుకు తోసినప్పుడు కొత్త తూటా గదిలోకి ఎక్కుతుంది. మీట నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలాలి. 1900 ప్రాంతంలో అమెరికా వాడైన జాన్ బ్రౌనింగ్ నమూనాలతో బెల్జియం కంపెనీ ఈ చిన్న పిస్తోళ్లను ప్రపంచమంతా పంచింది. పేలే సుత్తిని పట్టి ఆపేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. దాని అంచు గోరంత కూడా ఉండదు. మనిషి ప్రాణం ఆ అంచు మీద ఉంటుందంటే అతిశయోక్తి కాదు.

కుడివైపు పిడి పలక తీయబోతే మర తల గాడి చిట్లి ఉంది. కంపెనీ వాడి చేతిలో మర అలా చిట్లదు. సరిపడని స్క్రూడ్రైవరుతో తిప్పితేనే చిట్లుతుంది. నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది. ఈ రకం పిస్తోలులో వెనక్కి తోసే స్ప్రింగు చుట్టలా కాక ఆంగ్ల వి అక్షరంలా వంగి ఆ పలక కిందే ఉంటుంది. దాని స్థానంలో ఎవరో చేత్తో వంచిన కమాను కనబడింది. పిన్ను మెత్తటి ఇనుముతో చేసింది, కొన పుట్టగొడుగులా అణిగింది. సియర్ అంచు మీద ఆకురాయి గీతలున్నాయి. చుట్టూ నల్లబడిన పాత లోహం, మధ్యలో తెల్లగా మెరిసే గీత. మీట తేలిగ్గా ఉండాలని ఎప్పుడో ఎవరో అరగదీశారు. ఆ తేలికతనమే మనుమడి పక్కన రాయిని పగలగొట్టింది.

తప్పంతా మిస్త్రీదేనని అనలేను. 1980ల్లో వ్యక్తులు విదేశీ పిస్తోళ్లు తెప్పించుకోవడాన్ని సర్కారు ఆపివేసింది. 9 ఎం.ఎం., .38, .455 బోర్లు నిషిద్ధ జాబితాలో ఉన్నాయి కనుక సామాన్యుడికి దక్కేది .32 వంటివే. దాంతో ఉన్న పాతవే చేతులు మారుతూ వచ్చాయి, ధరలు పెరిగాయి. విడిభాగం విరిగితే దొరికే దారి లేదు. 1795లో ఫిరంగులు పోసిన రేమండ్ దొర గన్‌ఫౌండ్రీ మన హైదరాబాదులోనే ఉన్నా, ఆ పాత కార్ఖానా నేడు చిన్న స్ప్రింగు చేసి ఇవ్వదు కదా! చేతనైన వాడు చేసిందే దిక్కయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లోపల ఆకురాయి గీత కనబడినంత మాత్రాన తర్వాత మార్చారని తీర్పు చెప్పరాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 నుంచి ఫ్రెంచి సైన్యానికి స్పెయినులోని చిన్న చిన్న కార్ఖానాలు రూబీ అనే పిస్తోళ్లు లక్షలుగా చేసిచ్చాయి. ఒక్కొక్కటీ చేతితో అరగదీసి అమర్చినదే. ఒక కార్ఖానా మాగజైను ఇంకో కార్ఖానా పిస్తోలులో పట్టేది కాదు, గుర్తుకోసం అక్షరాలు కొట్టేవారు. అటువంటి దానిలో గీత పుట్టుమచ్చ వంటిది. నేను చూసేది గీత రంగు, వయసు. లోహంతోపాటు నల్లబడిందా, నిన్నటిలా మెరుస్తున్నదా అన్నది. కొత్తగా చేరిన కుర్రవాళ్లు ఈ తేడా తెలియక మంచి తుపాకీలను అనుమానించడం నేను చూశాను.

నంబరు విలువ తెలియాలంటే దేశం మరిచిపోలేని ఒక ఉదాహరణ ఉంది. 1948 జనవరి 30న గాంధీజీని బలిగొన్నది ఇటలీ బెరెట్టా పిస్తోలు, నంబరు 606824. అది ఎక్కడి నుంచి ఎక్కడికి చేరిందో పోలీసులు ఆ అంకెలను పట్టుకునే వెతికారు. అందుకే ఆయుధాల చట్టం, 1959, గుర్తింపు ముద్ర లేని తుపాకీని అమ్మనివ్వదు, ఉన్న ముద్రను చెరపనివ్వదు. లైసెన్సు లేనివాడు మరమ్మతు చేయడమూ నేరమే, బొమ్మ తుపాకీని నిజమైనదిగా మార్చడమూ నేరమే. ఒక నొక్కుకు వరసగా పేలేలా తయారైతే అది నిషిద్ధ ఆయుధం.

పిన్ను మార్చితే మరో చిక్కు ఉంది. పేలిన గుల్ల వెనుక పిన్ను గుర్తు వేలిముద్ర వంటిది. 1929లో చికాగో హత్యాకాండలో గొడార్డ్ అనే నిపుణుడు జంట సూక్ష్మదర్శినితో తుపాకీని పట్టి ఇచ్చిన పద్ధతి అదే. మన రామంతాపూర్ కేంద్ర ప్రయోగశాలలోనూ ఆ రకం పోలికే చూస్తారు. పిన్ను మారితే పాత గుల్లతో కొత్త గుల్ల కలవదు, నిర్దోషి కూడా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

2023 జూలైలో శామీర్‌పేటలోని ఒక విల్లాలో కాల్పులన్న వార్త చూసి ఉలిక్కిపడ్డాను. అది ఎయిర్‌గన్ అని తర్వాత తెలిసింది. అయినా నాకు గుర్తొచ్చింది ఆ గుడ్డ మూటే.

పెద్దాయనకు సంగతంతా చెప్పాను. "ఇగ దీన్ని ముట్టనే ముట్ట" అన్నాడు. ఎన్నికలయ్యాక వెనక్కి తీసుకోలేదు. కొన్నేళ్లకు ఆయన పోయాక కొడుకులు లైసెన్సు పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. యజమాని చనిపోతే ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోకుండా ఆలస్యం లేకుండా స్టేషన్లోనో లైసెన్సు డీలరు దగ్గరో ఉంచాలని చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. వారి విషయంలో అది అప్పటికే స్టేషన్లో ఉంది కనుక చిక్కు రాలేదు. "మరి మా తాతది గుర్తుగా ఏమన్న ఇస్తరా సారూ?" అని చిన్నవాడు అడిగాడు. బావి గట్టు మీద తూటా తగిలి పగిలిన రాయి అలాగే ఉందా అని అడిగాను. ఉందన్నాడు.