బడిపిల్లలకు ఆకాశం: జంటనగరాల్లో ఖగోళ బోధన చరిత్ర

సికింద్రాబాదులో ఒకప్పుడు వాకర్ టౌన్ అనిపించుకుని, తరువాత దివాన్ బహదూర్ పద్మారావు ముదలియారు పేరు మీదుగా పద్మారావు నగర్‌గా స్థిరపడిన పేటలో, స్కందగిరి ఆలయానికి వచ్చిపోయే కుటుంబాల పిల్లలకు గ్రహాలు బడికంటే ముందే గుడిలోనూ పంచాంగంలోనూ పరిచయమవుతాయి. ఆ నవగ్రహాలలో సూర్యచంద్రులు ఉంటారు; చంద్రుని మార్గమూ సూర్యుని మార్గమూ ఖండించుకునే రెండు బిందువులైన రాహుకేతువులు ఉంటారు; భూమి మాత్రం ఉండదు, ఎందుకంటే ఆ లెక్క భూమి మీద నిలబడి చూసేవాడిది. బడి చెప్పే సూర్యకుటుంబం, అంటే సూర్యుని చుట్టూ తిరిగే గ్రహాల, ఉపగ్రహాల, తోకచుక్కల సముదాయం, వేరొక లెక్క. 1930లో ప్లూటోను కనుగొన్నప్పటి నుంచి 2006లో ప్రాగ్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఖగోళ సంఘం దానిని మరుగుజ్జు గ్రహంగా నిర్ణయించేదాకా, రెండు జాబితాలలోనూ తొమ్మిదేసి పేర్లే ఉండేవి కాని, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి కుజ, బుధ, గురు, శుక్ర, శనులు అయిదే. సంఖ్య కలిసినంత మాత్రాన విషయం కలిసిందనుకునే పొరపాటుకు ఆ డెబ్బై ఆరేళ్లూ తావుండేది. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి వేరుచేసి చూపడమే ప్రాథమిక తరగతిలో ఖగోళ బోధనకు సరైన మొదటి మెట్టు.

ఇంతటి బోధనకు కావలసిన సామగ్రి ఈ నగరంలో లేకపోలేదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో నెలకొల్పిన వేధశాల, అంటే గ్రహనక్షత్రాలను పరికరాలతో పరిశీలించే కేంద్రం, ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, నిజామియా వేధశాల పేరుతో బేగంపేటకు తరలి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలుగా తీసి నక్షత్రాల స్థానాలను నమోదు చేయాలన్న అంతర్జాతీయ పథకంలో హైదరాబాదు వంతుకు ఆకాశంలో కొంత భాగం రాగా, ఇక్కడివారు నాలుగున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి పన్నెండు సంపుటాలుగా ప్రచురించారు. ఆ పని సాగిన కాలంలో, 1918 నుంచి 1944 వరకు, సంచాలకులుగా ఉన్న టి.పి. భాస్కరన్ ఆ పదవి చేపట్టిన తొలి భారతీయుడు. శాస్త్రం దృష్ట్యా ఇది గొప్ప కృషే అయినా, దాని ఫలితం అంకెల పట్టికలుగా ప్రపంచ వేధశాలలకు చేరడానికి ఉద్దేశించినదే తప్ప, అయిదో తరగతి పిల్లలకు శనిగ్రహ వలయాన్ని చూపడానికి ఉద్దేశించినది కాదు.

పిల్లలను కూడా ఉద్దేశించి పూనుకున్న మొదటి పెద్ద ప్రయత్నం అంతరిక్షం నుంచే వచ్చింది. అమెరికా సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని భారత ప్రభుత్వం ఏడాదిపాటు వినియోగించుకోగా, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం, క్లుప్తంగా ‘సైట్’, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు చేరింది. ఆ ఉపగ్రహం భూస్థిర కక్ష్యలో ఉండేది; అంటే భూమధ్యరేఖకు సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమి తన చుట్టూ తాను తిరిగే వేగంతోనే తిరుగుతూ, కిందివారికి ఒకేచోట నిలిచినట్టు కనిపించేది. గ్రామంలో ఇనుప జాలీతో చేసిన పది అడుగుల గిన్నెలాంటి యాంటెన్నా ఆ సంకేతాలను నేరుగా అందుకునేది. ఉదయం వేళ అయిదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. పిల్లల ప్రసారాలలో విజ్ఞానశాస్త్రానికి ప్రత్యేక స్థానం ఉండేది. బడి సెలవుల్లో వేలమంది ఉపాధ్యాయులకు విజ్ఞాన బోధనలో శిక్షణ కూడా ఇదే మార్గంలో అందింది. తెలుగు కార్యక్రమాల నిర్మాణ కేంద్రం హైదరాబాదులోనే ఉన్నా, నగరంలో దూరదర్శన్ ప్రసారాలు 1977 అక్టోబరు 23న గాని మొదలు కానందున, పల్లెల్లోని పిల్లలు తెరమీద తెలుగు పాఠం చూస్తున్న రోజుల్లో పద్మారావు నగర్ పిల్లలకు ఆ అవకాశం లేదు. విద్యలో పట్టణం ముందు, పల్లె వెనుక అన్న క్రమాన్ని కావాలనే తలకిందులు చేసిన ఈ ప్రయోగానికి తెలుగునాట విద్యాచరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు. ఏడాది ముగియగానే ఉపగ్రహాన్ని వెనక్కు తీసుకోవడంతో ఆ పాఠాలు ఆగిపోవడం పిల్లలకు నిజమైన నష్టం.

1980 ఫిబ్రవరి 16న హైదరాబాదుకు దగ్గరలోని జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగినప్పుడు, శాస్త్రవేత్తలు అక్కడికి తరలిరాగా, దేశంలో ఎన్నో కుటుంబాలు పిల్లలను గడప దాటనివ్వలేదు. 1984లో హైదరాబాదులోనే చదువుకున్న రాకేశ్ శర్మ అంతరిక్షానికి వెళ్లడం, 1985లో నౌబత్ పహాడ్ మీద బిర్లా నక్షత్రశాల ప్రారంభం కావడం, ఆ వెంటనే హేలీ తోకచుక్క రావడం ఒకదాని వెనుక ఒకటి జరగడంతో జంటనగరాల బడులకు ఆకాశం దగ్గరయింది. నక్షత్రశాల అంటే గుండ్రని కప్పు మీద ప్రొజెక్టరుతో ఏ రోజు ఆకాశాన్నైనా చూపే మందిరం. అక్కడికి విహారయాత్ర వెళ్లడం ఎన్నో బడులకు ఆనవాయితీ అయింది. అయితే పట్టపగలు ప్రదర్శన చూసి బయటకు వచ్చిన పిల్లవాడు రాత్రి తన ఇంటి డాబా మీద అదే చుక్కను గుర్తించగలిగితేనే పాఠం పూర్తయినట్టు.

చంద్రయాన్-3 చంద్రుని మీద దిగిన ఆగస్టు 23ను జాతీయ అంతరిక్ష దినంగా ప్రకటించాక బడులలో ఆకాశం పట్ల ఉత్సాహం పెరిగింది. కాని ఆగస్టు హైదరాబాదుకు మబ్బుల మాసం. ఇక్కడ ఆకాశం తేటగా ఉండేది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. కనుక పద్మారావు నగర్ ఉపాధ్యాయులు ఆగస్టులో బొమ్మలు గీయించి, ఉపన్యాసాలు చెప్పించినా, చలికాలంలో ఒక సాయంత్రం తల్లిదండ్రులను కూడా పిలిచి, పిల్లలను బడి మేడ మీదికి తీసుకువెళ్లి, ఆ వేళకు కనిపించే గ్రహాన్ని వేలుపెట్టి చూపించాలి. అందుకు దూరదర్శిని కూడా అక్కరలేదు.