పాము విషం నుంచి చర్మం కింద సూది దాకా: యాంటీబాడీ మందుల చరిత్రలో మనవాళ్ళు



పత్తి తీతలప్పుడు జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో పాముకాటు కొత్తేమీ కాదు. (పటం మీద ఎన్టీఆర్ జిల్లా అయినా మనకి ఇంకా కృష్ణా జిల్లా మెట్టే.) ఆసుపత్రికి తీసుకెళ్తే మందుని సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. కీళ్ళవాతానికి ఇప్పుడు పెన్ను లాంటి సూది వచ్చింది, పొట్ట చర్మం కింద ఎవరికి వాళ్ళే పొడుచుకోవచ్చు. రెండూ యాంటీబాడీ మందులే. మరి ఒకటి నరానికే ఎందుకు, రెండోది చర్మం కింద ఎలా కుదిరింది? ఇది చదువుకున్న మనకే సరిగ్గా తెలియదు కాబట్టి ఈ పోస్టు.

1890లో జర్మనీలో బేరింగ్, జపాను నుంచి వెళ్ళిన కితసాటో కలిసి ఒక సంగతి కనిపెట్టారు. ఒక జంతువుకి విషం కొద్దికొద్దిగా అలవాటు చేస్తే దాని నెత్తురులో విరుగుడు తయారవుతుంది, ఆ విరుగుడు ఇంకొకరిని కాపాడుతుంది. నాలుగైదేళ్ళలో ఫ్రాన్స్‌లో కాల్మెట్ దీన్నే నాగుపాము విషానికి వాడాడు. అప్పట్లో ఆ సీరం ఎక్కువగా చర్మం కిందే ఇచ్చేవారు. ఇండియాకి తెస్తే నాగుపాముకి పనిచేసింది గానీ రక్తపింజరకి పనిచేయలేదు. ఏ పాము విషం ఇస్తే ఆ పాముకే విరుగుడు. అందుకే ఇప్పుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషాన్నీ గుర్రాలకి ఇచ్చి మందు తీస్తారు. హైదరాబాదులో విన్స్ బయోప్రొడక్ట్స్ చేసేది ఈ పనే.

ఆ విషం ఎవరు తెస్తారు? చాలాకాలంగా ఎక్కువ భాగం తమిళనాడు ఇరుళ గిరిజనులే. పాము తోళ్ళ వ్యాపారం ఆగిపోయి బతుకు తెరువు పోయినప్పుడు, 1978లో మహాబలిపురం దగ్గర వాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, కొన్ని వారాలు ఉంచుకుని విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. 2023లో ఆ జాతి పెద్దలు మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లకి పద్మశ్రీ వచ్చింది. మన పొలాల్లో ఎలుకలు పట్టే యానాదులకీ పాము జాడ అలాగే తెలుసు. ఆ విద్యకి మాత్రం ఇక్కడ ఎవరూ సంఘం కట్టలేదు.

ఇక చర్మం కింద ఎందుకు కుదరదో చూద్దాం. యాంటీబాడీ చాలా పెద్ద అణువు. చర్మం కింద పడితే సన్న రక్తనాళాల్లోకి నేరుగా దూరలేదు, లింఫు దారిలో మెల్లగా నడిచి నెత్తురులో కలవాలి. దానికి గంటలు కాదు, రోజులు పట్టొచ్చు. విషం అంతసేపు ఆగదు కదా. పైగా మొదటి విడతే పది సీసాల దాకా, అంటే 100 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. కాటు పడ్డచోట చర్మం కింద ఓ సూది వేసి "ఇంక ఫర్వాలేదు" అని పంపించేవాళ్ళని నమ్మొద్దని మేము గట్టిగా చెప్పేది ఇందుకే.

కీళ్ళవాతం, క్యాన్సర్ సంగతి వేరు. అక్కడ మందు మెల్లగా ఎక్కినా ఫర్వాలేదు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని ఎంతైనా తీసే పద్ధతి కనిపెట్టాక గుర్రంతో పని తప్పింది. 2007లో డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు రిటుక్సిమాబ్‌కి మన దేశపు రూపం రెడిటక్స్ తెచ్చారు. అదీ నరానికే, గంటలకొద్దీ. మెట్ట ఊళ్ళనుంచి వెళ్ళినవాళ్ళకి విజయవాడలోనో హైదరాబాదులోనో ఒక రోజు కూలి, తోడు వచ్చినవాళ్ళది ఇంకో కూలి పోతాయి.

మరి చర్మం కింద ఇవ్వాలంటే? మామూలుగా ఒకటి రెండు మిల్లీలీటర్లకి మించి పట్టదు. మందేమో వందల మిల్లీగ్రాములు కావాలి. అంటే ఒక్కో మిల్లీలీటరులో వంద మిల్లీగ్రాములో, ఇంకా ఎక్కువో కుక్కాలి. అప్పుడు అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బెల్లం పాకం ముదిరినట్టు చిక్కబడుతుంది, సన్న సూదిలోంచి దిగదు. కొన్ని ముద్దకట్టి పనికిరాకుండా పోతాయి, ఒంటికి పడకపోవచ్చు కూడా. ఫార్ములేషన్ వాళ్ళ కష్టమంతా ఇక్కడే. పులుపు సరిగ్గా నిలపడానికి హిస్టిడిన్, చిక్కదనం తగ్గించడానికి ఆర్జినిన్, అణువు ఆకారం చెడకుండా చక్కెర, గాలి బుడగల దగ్గర ముద్దకట్టకుండా చిటికెడు పాలీసార్బేట్. ఏది ఎంతో ప్రతి యాంటీబాడీకీ మళ్ళీ మొదట్నుంచి వెతకాలి.

అలా చేసినా చోటు చాలని మందులున్నాయి. వాటికి దారి చూపించింది ఒక ఎంజైము, హయలురోనిడేజ్. చర్మం కింద జిగురులాంటి పదార్థాన్ని అది కాసేపు కరిగించి మందుకి చోటిస్తుంది. పాము విషంలోనూ ఇదే రకం ఎంజైము ఉంటుంది, విషం ఒంట్లో త్వరగా పాకడానికి. మందులో కలిపేది మాత్రం పాముది కాదు, కణాల్లో పెంచిన మనిషి ఎంజైము. దాంతో 2013లో యూరప్‌లో ట్రాస్టుజుమాబ్ చర్మం కింద ఇవ్వడం మొదలైంది. 5 మిల్లీలీటర్లలో 600 మిల్లీగ్రాములు. అరగంట నుంచి గంటన్నర దాకా పట్టే పని ఐదు నిమిషాల్లోపే అయిపోతుంది.

బీఫార్మసీ, బయోటెక్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇంకొకటి గమనించండి. ఈ చిక్కటి ద్రవాలన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. పాత గుర్రం మందుని మనవాళ్ళు ఎక్కువగా పొడిగా ఎండబెట్టి సీసాలో పెడతారు, వాడేముందు నీళ్ళు కలుపుతారు. కరెంటు పోయే ఊళ్ళలో కూడా అది చెడకుండా ఉండేది అందుకే.