చిల్లరలో దోషనాణేలు: హైదరాబాదు టంకశాల నేపథ్యంలో ఒక పరిశీలన

నాణెంలో దోషముందని నిర్ణయించడానికి ముందు అది ఏ కాలంలో, ఏ పద్ధతిలో ముద్రితమైందో తెలియాలి. ఒక కాలంలో సహజమైన లక్షణం మరొక కాలంలో దోషమవుతుంది.

ఐ.టి. సంస్థల నడుమనున్న హైదరాబాదు కొండాపూర్‌కు, సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌కు పేరు తప్ప వేరు సంబంధం లేదు. అయితే ఈ రెండవ కొండాపూర్‌లో 1940ల తొలినాళ్లలో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలలో శాతవాహనుల నాణేలు విస్తారంగా లభించాయి. బిళ్ల అంచు దాటిపోయి రాజు పేరు పూర్తిగా పడని నాణేలు ఆ కాలానికి సాధారణం. 1803లో సికందర్ జా కాలంలో సుల్తాన్ షాహీలో ఏర్పడిన టంకశాల పరిస్థితీ ఇంతే. సుత్తిదెబ్బతో ముద్రించే ఆ పద్ధతిలో అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. కనుక లేఖనంలో కొంత భాగం పోవడం అనివార్యం. దానిని దోషమనడం కాలవ్యత్యయం.

1903లో టంకశాల సైఫాబాద్‌కు తరలి యంత్రముద్రణ స్థిరపడిన తరువాతనే ప్రతి నాణెం తక్కినవాటిని పోలి ఉండాలన్న ప్రమాణం ఏర్పడింది. ‘దోషం’ అన్న మాటకు అర్థం అక్కడ మొదలవుతుంది. అయినా తేడా కనిపించినదల్లా దోషం కాదు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ తొలినాళ్ల రూపాయలలో చార్మినార్ ద్వారంలోని ‘ఐన్’ అక్షరం కొన్నింట కురచగాను, కొన్నింట పూర్తిగాను ఉంటుంది. ఇది అచ్చు మార్పు. భేదమే గాని పొరపాటు కాదు.

ఈ విచక్షణ లోపించినందుకు మన కాలంలో చిల్లర వ్యాపారులు, ఆటోవారు నష్టపోయారు. రూపాయి చిహ్నం ఉన్న పది రూపాయల నాణెం, లేని నాణెం రెండూ చలామణీలో ఉండగా ఒకటి నకిలీ అన్న వదంతి పుట్టి, పలుచోట్ల వాటిని తీసుకోవడమే మానేశారు. పద్నాలుగు రకాల నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించవలసి వచ్చింది.

చేతికందిన చిల్లరను పరిశీలించేవారు మొదట సంవత్సరం కింది గుర్తు చూడాలి. అక్కడ నక్షత్రముంటే అది హైదరాబాదు ముద్రణ. తరువాత బొమ్మ నిటారుగా ఉండేట్లు పట్టుకొని, నాణేన్ని పుస్తకపు పుట తిప్పినట్లు పక్కకు తిప్పాలి. బొరుసు కూడా నిటారుగానే కనిపించాలి. ఒరిగితే అచ్చు బిగింపులో తేడా వచ్చిందన్నమాట. బిళ్ల సరిగా కూర్చోక ముద్ర ఒక పక్కకు జరగడం, రేకు నుండి బిళ్ల కోసేటప్పుడు అంచు చంద్రవంకలా పోవడం, అచ్చు పగిలిన చోట ఉబ్బెత్తు గీత పడడం ఇతర రకాలు. అన్నింటిలో సేకర్తలు ‘లఖీ’ అని పిలిచేది విశిష్టమైనది. ముద్రితమైన నాణెం అచ్చుకే అంటుకుపోగా, దాని కిందికి వచ్చిన కొత్త బిళ్ల మీద అదే ముఖం అద్దంలో చూసినట్లు తిరగబడి, లోతుగా పడుతుంది. ఒకే ముఖం ఒకవైపు ఉబ్బెత్తుగా, మరొకవైపు గుంటగా ఉండడమే దీని ఆనవాలు.

టంకశాల దాటాక తగిలిన దెబ్బను వీటితో కలపరాదు. అరగదీసిన నాణెం బరువు తగ్గుతుంది. 2011 శ్రేణి రూపాయి బరువు 3.79 గ్రాములు, నగల దుకాణపు త్రాసు చాలు, అనుమానం తీరుతుంది. ఇక పాత నాణేలకు లక్షలిస్తామనే ప్రకటనల సంగతి: తన పేరుతో సాగే అటువంటి మోసాలపై రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. వేలం ధరలకంటే అచ్చుల అరుగుదలను, తనిఖీ తీరును తెలిపే సాక్ష్యంగానే దోషనాణెం పరిశోధకునికి విలువైనది.

ఆ సాక్ష్యం దొరికే చోటు మాత్రం కుంచించుకుపోతోంది. నేటి కొండాపూర్‌లో టీ బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంది. 1997లో చర్లపల్లికి మారిన టంకశాల నాణేలు ముద్రిస్తూనే ఉన్నా, చేతులు మారేవి తగ్గాయి. గుళ్ల హుండీలు, బస్సు కండక్టర్ల సంచులు, కూరగాయల బళ్ల మీది డబ్బాలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిలో దొరికినదానిని తోమకుండా, దొరికిన తేదీ, చోటు, బరువు వెంటనే రాసిపెట్టుకోవాలి.