ఇంజిన్ పీల్చే గాలికి రెండు లెక్కలు

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలును కొలిచి పంపడం తేలికే, చిక్కంతా గాలితోనే. సూర్యాపేటలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండ కాస్తే, 15 డిగ్రీల చలిలో పట్టే గాలికంటే అదే సిలిండర్‌లో సుమారు 9 శాతం తక్కువ పడుతుంది. కార్బురేటర్ ఆ తేడాను పట్టుకోలేదు. స్క్రూ తిప్పి, ఇంజిన్ చప్పుడు విని సరిచేసే పని మెకానిక్‌దే.

ఈ పనిని యంత్రానికే అప్పజెప్పడానికి రెండు దారులున్నాయి. మిర్యాలగూడ మిల్లుకొచ్చిన ధాన్యం లారీని బస్తాలు లెక్కబెట్టి అంచనా కట్టొచ్చు, లేదా కాటా ఎక్కించొచ్చు. ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సర్‌ది మొదటి పద్ధతి, ప్రవాహాన్ని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటర్‌ది రెండోది.

ముందొచ్చింది అంచనాయే

అమెరికాలో బెండిక్స్ సంస్థ 1957లో 'ఎలక్ట్రోజెక్టర్' అనే ఎలక్ట్రానిక్ పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి తెచ్చింది గానీ అది నిలదొక్కుకోలేదు. బెండిక్స్ పేటెంట్ల లైసెన్సు తీసుకున్న జర్మన్ సంస్థ బాష్, 1967లో ఫోక్స్‌వాగన్ 1600కు డి-జెట్రానిక్ అమర్చింది. సిలిండర్లకు గాలి పంచే గొట్టం, అంటే మానిఫోల్డ్‌లో ఒత్తిడి మారినప్పుడల్లా పలుచని రేకు డబ్బీలు ఉబ్బుతూ, ముడుచుకుంటూ తీగచుట్టలో ఇనుప ముక్కను జరిపేవి. ఆ కదలికను బట్టే పెట్రోలు పడేది. అయితే ఇంజిన్ అరిగితే, వాల్వ్ క్లియరెన్సు మారితే లెక్క తప్పేది.

అందుకే 1973లో ఎల్-జెట్రానిక్ వచ్చింది. గాలి దారిలో స్ప్రింగు తలుపు పెట్టి, అది ఎంత తెరుచుకుందో చూసేది. ఆ తలుపు గాలికే అడ్డం. పైగా గాలి బరువును నేరుగా చెప్పలేదు. 1980ల మొదట్లో వోల్వో కార్లలో వచ్చిన ఎల్‌హెచ్-జెట్రానిక్ తలుపు తీసేసి వేడి ప్లాటినం తీగ పెట్టింది. వచ్చే గాలి తీగను చల్లారుస్తుంది. వేడి తగ్గకుండా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో చూస్తే గాలి బరువు తెలుస్తుంది. ఇంజిన్ ఆపాక ఆ తీగ సెకనుపాటు దాదాపు 1000 డిగ్రీల దాకా ఎర్రబడి, అంటిన మురికిని తానే కాల్చేసుకునేది.

మన రోడ్ల మీద

మన దగ్గర ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. 1998 నాటి శాంత్రో కారుకు ఎంపీఎఫ్ఐ, అంటే ప్రతి సిలిండర్‌కూ విడిగా పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్, మొదటినుంచీ ఉంది. ఢిల్లీ పరిసరాల్లో యూరో కాలుష్య ప్రమాణాలను త్వరగా అమలు చేయాలని 1999లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మరుసటేడు మారుతి 800 కూడా ఎంపీఎఫ్ఐకి మారింది. రెండూ మ్యాప్ సెన్సర్ బండ్లే. వెనకబడ్డ ఈ అంచనా పద్ధతికి ప్రాణం పోసింది సిలికాన్ చిప్పు. సెన్సర్ చౌకైంది, ఏ వేగంలో సిలిండర్ ఎంత నిండుతుందో కంప్యూటర్ పట్టికలో దాచుకుంది, మిగిలిన తప్పును సైలెన్సర్ దారిలోని ఆక్సిజన్ సెన్సర్ దిద్దింది.

కామన్ రైల్ డీజిల్ కార్లకు మాత్రం మీటరు అవసరమైంది. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకే పంపుతారు. అందులో కొత్త గాలెంతో, పాత పొగెంతో ఒత్తిడి ఒక్కటే చూస్తే తేలదు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కోదాడ సందుల్లో తిరిగే కొత్త స్కూటర్లకూ ఇంజెక్షన్ తప్పలేదు. ఇంజిన్ చిన్నది, చోటు ఇరుకు, ధర దగ్గర బేరం. అందుకే చాలా స్కూటర్లలో మ్యాప్ సెన్సరే ఉంటుంది.

షెడ్డులో తేడా

మీటరున్న పెట్రోలు కారులో మీటరు తర్వాతి రబ్బరు పైపు చీలితే లెక్కలోకి రాని గాలి దూరుతుంది. పెట్రోలు చాలక పికప్ పడిపోతుంది. మ్యాప్ బండిలో మానిఫోల్డ్ లీకైతే ఒత్తిడి పెరిగినట్టు కనబడి పెట్రోలు కూడా ఎక్కువ పడుతుంది, ఐడ్లింగ్ పెరుగుతుంది. ఇక మిల్లుల దారుల్లో తిరిగే బండికి ఫిల్టర్ చినిగితే, లోపలికి చేరిన దుమ్ము మీటరు మీద పేరుకుని గాలిని తక్కువ చేసి చూపిస్తుంది. దాన్ని గుడ్డతో తుడిస్తే అసలుకే మోసం. అందుకోసమే దొరికే స్ప్రే కొట్టి ఆరనివ్వాలి.

లీకు ఒకటే అయినా రెండు బండ్లలో లక్షణాలు వేరు. కొత్త సెన్సర్ కొనేముందు ఆ బండిది అంచనా లెక్కో కాటా లెక్కో తెలుసుకుంటే సగం ఖర్చు తప్పుతుంది.