అక్షరానికి చోటు

డ్రాయింగులో గీత తప్పితే కంటికి కనబడుతుంది. అక్షరం చోటు తప్పితే పని జరిగే చోటే తెలుస్తుంది: మేస్త్రీ ఒక గోడ కొలత చూసి పక్క గోడ కట్టేస్తాడు. బోర్డు మీద మొదలుపెట్టి కంప్యూటర్ దగ్గర రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్‌గా, ఈ పనిలో నేను అన్నిటికన్నా గౌరవించేది అక్షరాన్ని కూర్చోబెట్టే విద్యనే.

బోర్డు రోజుల్లో అక్షరాలు చివరన పడేవి. ట్రేసింగ్ పేపరు మీద సిరా తప్పు పడితే బ్లేడుతో గీకి, రబ్బరుతో రుద్ది, ఆ మచ్చ నున్నగా అయ్యాక మళ్లీ రాయాలి. ఇంకోసారి గీకితే కాగితం నిలవదు. అందుకని గది పేరును ముందు చీటీ మీద రాసి, ట్రేసింగ్ కింద పెట్టి, గీతలకు అడ్డు రాని చోటు దొరికేదాకా జరిపేవాళ్లం. గీతల గళ్లు వేయాల్సిన కోతల్లో అయితే ముందు అంకె, తర్వాత గళ్లు. అంకె చుట్టూ గళ్లు ఆగిపోవాలి.

నియమాలు ఊరికే పుట్టలేదు. కొలతలను షీటు కింది అంచు నుంచో కుడి అంచు నుంచో చదవగలగాలి. అందుకే నిలువు కొలత గీత మీద అంకెను ఎడమ పక్కన, కింది నుంచి పైకి రాస్తారు. నిలువుకు ఎడమగా వాలిన ముప్ఫై డిగ్రీల మేర కొలతలు పెట్టొద్దని పాఠ్యపుస్తకాల్లో గీతలు నింపి మరీ చూపిస్తారు. అక్కడ రాసిన అంకె తలకిందులుగా ఉన్నట్టు అనిపిస్తుంది. సూచన గీత వస్తువు లోపల ముగిస్తే చుక్క, అంచు దగ్గర ముగిస్తే బాణం.

అక్షరాల ఎత్తులు 2.5, 3.5, 5, 7 మిల్లీమీటర్లు. ఒక్కో మెట్టుకు దాదాపు 1.4 రెట్లు. ఏ-సైజు కాగితాల భుజాలు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయి. ఏ1 షీటును ఏ2కు తగ్గిస్తే 3.5 అక్షరం 2.5 అవుతుంది, 0.35 పెన్ను గీత 0.25 అవుతుంది. తగ్గించిన ప్రతి మీద దిద్దాల్సి వస్తే ఒక మెట్టు చిన్న స్టెన్సిల్, ఒక మెట్టు సన్న పెన్ను తీసుకుంటే చాలు. ఇంత ముందుచూపున్న లెక్క మరొకటి నేను చూడలేదు.

1982 చివర్లో అమెరికాలో ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్ వచ్చింది. చీటీ జరిపే పని చొప్పింపు బిందువుకు మారింది: ఎడమ, మధ్య, కుడి, పైన, నడుమ, కింద. గది పేరుకు నడిమధ్య బిందువు పట్టుకుంటే అక్షరాలు పెరిగినా పేరు గది మధ్యనే ఉంటుంది. ఎడమ బిందువు పట్టుకుంటే కుడి గోడ మీదికి పాకుతుంది. అసలు చిక్కు ఎత్తుతో వచ్చింది. కంప్యూటర్లో భవనాన్ని నిజమైన కొలతకే గీస్తాం, 1:100లో 2.5 మిల్లీమీటర్ల అక్షరం కావాలంటే 250 అని కొట్టాలి. స్కేలు మారిస్తే అక్షరాలన్నీ మార్చాలి. స్కేళ్ల పట్టిక రాసుకుని మానిటర్ పక్కన అంటించుకున్నాం. 1990లో రిలీజ్ 11తో, షీటును దాని అసలు సైజులోనే అమర్చుకునే పేపర్ స్పేస్ వచ్చాక ఆ బరువు కొంత తగ్గింది.

2008 వెర్షన్‌లో స్కేలును బట్టి తనంతట తానే ఎత్తు మార్చుకునే అక్షరం వచ్చింది. అందులో నాకు నచ్చింది ఎత్తు కాదు, ఒకే పేరుకు ఒక్కో స్కేలులో ఒక్కో చోటు ఇవ్వగలగడం. 1:50లో గది మధ్య ఇమిడిన పేరు 1:200లో పట్టదు. దాన్ని బయటికి లాగి సూచన గీత వేయాలి. ఏ పక్కకు లాగాలో ఇప్పటికీ మనిషే చెప్పాలి.