మాట్లాడకూడని కుక్క

తెనాలి గాంధీ చౌక్ దగ్గర మా నాన్నకి అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. నవలకి రోజుకి అర్ధరూపాయి, చందమామకి పావలా. ఏడాది చందమామలన్నీ ఒకచోట చేర్చి, దబ్బనంతో పొడిచి, ట్వైన్ దారంతో కుట్టి, మైదా లైతో అట్ట అంటించడం వేసవి సెలవుల్లో నా పని. ఆ చేత్తోనే 2014లో ఉద్యోగం మీద తైవాన్‌లోని షిన్‌చు వెళ్లాను. చిప్పుల ఫ్యాక్టరీలున్న ఊరది. వెళ్లిన రెండో ఆదివారమే ఓ సందులో నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. అక్కడొక అద్దె కామిక్స్ కొట్టు కనిపించింది. గోడవారగా పుస్తకాల అర, దాని ముందు ఇంకో అర. ముందుది కింద పట్టాల మీద పక్కకి జరుగుతుంది. మా నాన్న చూసుంటే ఆ ఉపాయాన్ని ఆ వారమే తెనాలిలో అమలు పెట్టేవాడు.

కొట్టాయనకి డెబ్బై దాటాయి. అందరిలాగే నేనూ ఆయన్ని 'ఆపే' అనేవాణ్ణి. అది తైవానీలో పెదనాన్న వరస. నాకొచ్చిన చైనీస్ అంతంతమాత్రం, అందుకని మా ఆఫీసు కుర్రాడొకడు మధ్యలో కూర్చుని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవాడు. ఆపే మాత్రం పుస్తకాల్ని కామిక్స్ అనడు, చైనీస్‌లో వాడే 'మాన్‌హువా' అనీ అనడు. 'ఆంగాచే' అంటాడు. ఆంగా అంటే బొమ్మ, చే అంటే పుస్తకం. మా నాన్న రిజిస్టర్లో ఒక పేజీ పైన 'బొ.పు.' అని ఉండేది. రెండూ ఒకటే మాట. అది తెలిసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆపే మొదట తీసి చూపించింది జూగె సిలాంగ్. దాన్ని గీసిన యె హుంగ్‌చ్యా 1923లో ఈ షిన్‌చులోనే పుట్టాడు. అప్పట్లో తైవాన్ జపాన్ చేతిలో ఉండేది. కుర్రతనంలోనే స్నేహితులతో కలిసి ఇక్కడ బొమ్మలేసేవాళ్ల బృందం కట్టాడు. 1958లో ఒక వారపత్రికలో సిలాంగ్ కథ మొదలైంది. పాతకాలపు రాజ్యం, రాజకుమారి, కత్తి పట్టిన సిలాంగ్, పక్కనే నేస్తం జెన్‌పింగ్, ఎదురుగా దెయ్యాల ముఠా. నవ్వే ఇనప ముసుగు ఒకరిది, ఏడ్చే ఇనప ముసుగు ఇంకొకరిది. అట్టముక్కలతో చేసిన గుండ్రటి బిళ్లల మీద కూడా సిలాంగే, పిల్లలు వాటితో వీధుల్లో పందాలాడేవాళ్లు. 1982లో లో తాయూ తన ఆల్బంలో పాడిన 'బాల్యం' అనే పాటలో కూడా సిలాంగ్ ఉన్నాడు. కత్తి ఎవరి చేతికి చిక్కిందో అన్న బెంగ ఆ తరం పిల్లలందరిదీ.

నాకు మరీ దగ్గరైంది మాత్రం వేరే బొమ్మ. షిన్‌చు దగ్గరి కొండల్లో, హంగ్‌షాన్‌లో 1934లో పుట్టిన ల్యూ షింగ్‌చిన్ గీసిన పల్లెటూరి ముసలమ్మ. పేరు 'తా షెన్‌పో'. షెన్‌పో అంటే తాతగారి తమ్ముడి భార్య, అంటే మనకి చిన్న నాయనమ్మ. అంత సన్నటి వరసకి కూడా విడిగా మాట ఉన్న భాష ఎదురైతే తెలుగువాడికి ప్రాణం లేచొస్తుంది. ఆవిడ పట్నం వచ్చి చూసిన ప్రతిదానికీ నోరు తెరుస్తుంది, అయినా ఎవరికీ లొంగదు. నెయ్‌వాన్‌కి వెళ్లే చిన్న రైలెక్కి ఆఖరి స్టేషన్లో దిగితే ఇప్పటికీ అక్కడి వీధిలో ఆవిడ విగ్రహాలున్నాయి. నేను ఏడెనిమిదిసార్లు వెళ్లాను. ల్యూ బడిపంతులు. పిల్లలు బొమ్మల పుస్తకాలు పట్టుకుని చెడిపోతున్నారనుకుని, అవి చదవొద్దని చెప్పడానికే తొలి బొమ్మల పుస్తకం వేశాడట. ఆ తర్వాత మరి ఆ పని వదల్లేదు.

చదవొద్దనడానికి ఆయన కలం పట్టాడు. ప్రభుత్వం రబ్బరు స్టాంపు పట్టింది. 1949 నుంచి 1987 దాకా తైవాన్ సైనిక శాసనం కింద బతికింది, 38 ఏళ్లు. బొమ్మల పుస్తకాల మీద నిబంధనలు 1962లో రాశారు, 1966 నుంచి గట్టిగా అమలు చేశారు. ఏ పుస్తకమైనా అచ్చుకి ముందు జాతీయ సంకలన అనువాద సంస్థకి పంపాలి. బడి పుస్తకాలు తయారుచేసే సంస్థ అది. పాఠాలు దిద్దే చేతికే కథలు దిద్దే పనీ అప్పగించారన్నమాట. చిత్రకారులు గీసిన కాగితాల కట్ట పట్టుకెళ్లి ఇచ్చి, తిరిగి వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లు. కుక్క మాట్లాడిందని వెనక్కి పంపేవారట. కుక్కలు మాట్లాడవు కాబట్టి. మనిషి గాల్లోకి మరీ ఎత్తు ఎగిరాడని వెనక్కి పంపేవారట. మనుషులు ఎగరరు కాబట్టి. ఆనాటి చిత్రకారులు ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చిన సంగతులివి.

ఆపే ఇది చెప్తున్నప్పుడు నేను మనసులో ఆ 1966నే మద్రాసులో పెట్టి చూసుకున్నాను. వడపళనిలో చందమామ అచ్చవుతోంది. విక్రమార్కుడి భుజం మీద శవంలోంచి బేతాళుడు మాట్లాడుతున్నాడు, శంకర్ గారు ఆ బొమ్మ వేస్తున్నారు. శవాలు మాట్లాడవని ఒక గుమాస్తా ఆ పేజీ వెనక్కి పంపితే? పంచతంత్రంలో నక్కల నోళ్లు మూయిస్తే? మా కొట్లో నేను కుట్టిన ఆ సంపుటాల్లో ఇక ఏం మిగులుతుంది? నాకు నిజంగా వెన్ను జలదరించింది.

అదే 1966లో 'వాంగ్‌జు' అనే పిల్లల పత్రిక పుట్టింది. యువరాజు అని అర్థం. పెట్టినవాడు త్సై కున్‌లిన్. హైస్కూల్లో పుస్తకాలు చదువుకునే బృందంలో చేరాడని 1950లో ఆయన్ని పట్టుకున్నారు, పదేళ్ల శిక్ష వేశారు, గ్రీన్ ఐలండ్ దీవికి పంపారు. పుస్తకం చదివిన నేరానికి పదేళ్లు పోగొట్టుకున్న మనిషి, బయటికొచ్చి పిల్లల చేతుల్లో పుస్తకం పెట్టాడు. 1968లో తైతుంగ్ కొండల్లోని హుంగ్‌యె బడి బేస్‌బాల్ పిల్లలు తైపే వచ్చి ఆడడానికి ఆ పత్రికే డబ్బు పెట్టింది. ఆ పిల్లలు జపాన్ జట్టుని ఓడించారు. త్సై 2023లో, 92 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన జీవితమే ఇప్పుడు నాలుగు సంపుటాల బొమ్మల పుస్తకం. ఆయన పోయిన ఏడాది డిసెంబరులో తైచుంగ్‌లో జాతీయ కామిక్స్ మ్యూజియం తెరిచారు, జైలు ఉద్యోగులుండే జపాన్ కాలపు చెక్క ఇళ్లలో. నేను మా అమ్మాయిని తీసుకెళ్లాను. ఆ ఇళ్ల గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడు నాకు త్సై గుర్తొచ్చాడు.

స్టాంపు దెబ్బకి చాలామంది కలాలు మూసేశారు. ఖాళీ అయిన అరల్లోకి జపాన్ కామిక్స్ వచ్చాయి, ఎక్కువ భాగం అనుమతి లేకుండా అచ్చేసినవే. గీసినవాడికి పైసా ఇవ్వనక్కర్లేదు కనుక చవక. పాత్రలకి చైనీస్ పేర్లు తగిలించేవారు. 1970ల చివరికి డోరేమాన్ 'షావ్ తింగ్‌తాంగ్' అనే పేరుతో ఇంటింటా ఉంది. ఊళ్లోవాడు గీసిన కుక్క నోరెత్తకూడదు, పక్క దేశపు నీలం పిల్లి మాత్రం రోజంతా మాట్లాడవచ్చు. ఆపే గొంతు పెరిగింది ఇక్కడ ఒక్కచోటే. 1982లో న్యూ గె అనే కలంపేరున్న పాత చిత్రకారుడు స్టాంపు వేసే ఆ అనువాద సంస్థ మీద బహిరంగంగా తిరగబడ్డాడు. 1987లో సైనిక శాసనం పోయింది, అచ్చుకి ముందు పరీక్షా పోయింది.

ఇక కదిలే బొమ్మల సంగతి. 1978లో తైపేలో జేమ్స్ వాంగ్ ఒక స్టూడియో పెట్టాడు. అమెరికా హన్నా బార్బెరా కంపెనీ కార్టూన్లకి ఇక్కడ బొమ్మలు గీసేవారు, పారదర్శక షీట్ల మీద రంగులు నింపేవారు. 1980ల్లో ప్రపంచంలోని పెద్ద స్టూడియోల్లో అదొకటి. కథ అమెరికాది, చెయ్యి తైవాన్‌ది. 1995లో మన దేశానికి కార్టూన్ నెట్‌వర్క్ వచ్చింది. తెనాలిలో కేబుల్ కనెక్షన్ పెరిగేకొద్దీ మా కొట్టుకి పిల్లలు తగ్గారు, మా తమ్ముడే రాత్రిళ్లు టీవీ ముందు నుంచి లేచేవాడు కాదు. 1999లో నాన్న తలుపులేసేశాడు. ఆ తెర మీద ఆడిన బొమ్మల్లో కొన్నింటికి రంగేసిన చేతులు ఈ దీవివే. ఇది చెప్తే ఆపే లేచి నాకు టీ పోశాడు.

కుంచెతో కామిక్స్ గీసిన జెంగ్ వెన్ గురించి విడిగా ఒక వ్యాసమే రాయాలి. 1991లో జపాన్ కార్టూనిస్టుల సంఘం బహుమతి తీసుకున్న తొలి విదేశీయుడతను. 2017లో పోయాడు. ఆ మరుసటి ఏడాది రాజులనాటి సొత్తులుండే నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో అతని బొమ్మలు పెట్టారు.

మా ఆఫీసు కుర్రాడిది ఇవేవీ ఎరగని తరం. వాడికి ప్రాణం 'వీరుల వరస' అనే కామిక్స్. గీసినవాడి కలంపేరు 'పసుపు పుస్తకం'. బొమ్మలు పిల్లాడు పలక మీద గీసినంత సాదాగా ఉంటాయి. లోపల రాక్షసులు, మంత్రాలు, కత్తి పట్టిన వీరులు. సిలాంగ్ లోకంలో ముసుగు చూడగానే శత్రువెవరో తెలిసిపోయేది. ఇక్కడ వీరుడు మంచివాడన్న భరోసా లేదు, రాక్షసుడు చెడ్డవాడన్న నమ్మకమూ లేదు. దీన్ని 2021లో ప్రభుత్వ నిధులతో నడిచే పబ్లిక్ టెలివిజన్ యానిమేషన్‌గా చూపించింది. సొంత కథ, సొంత బొమ్మ, సొంత తెర.

ఒక సాయంత్రం కుర్రాడు కొట్లో తన ఫోన్ మీద ఆపేకి ఒక భాగం పెట్టాడు. రక్తం ఉంది, వీరుడి చేత చెయ్యరాని పని చేయించడమూ ఉంది. ఆపే కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చుకుని కదలకుండా చూశాడు. అయిపోయాక అడిగాడు.

"దీన్ని పాస్ చేసిందెవరు?"

"ఎవరూ చెయ్యలేదు ఆపే. ఎవరికీ చూపించక్కర్లేదు."

ఆయన కాసేపు ఫోన్ కేసి చూశాడు. మొదట్నుంచి మళ్లీ పెట్టమన్నాడు.